బొరుసు వైపు

పళ్ళ డాక్టరమ్మ తెచ్చిన నాణెం దొంగదని తేల్చడానికి వకీలుగారికి ఒక తుమ్ము తుమ్మినంత సేపు కూడా పట్టలేదు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకున్నారు, పళ్ళెం మీదికి వంగారు, మళ్ళీ నిటారుగా కూర్చున్నారు. భూతద్దం ఆయన మోచేతి పక్కనే ఉంది. దాని తోలుసంచి ముడి విప్పనైనా లేదు.

నాణేల సంఘం ప్రతి ఆదివారం ఉదయం గ్రంథాలయం మేడమీది గదిలో కూడుతుంది. పొడవాటి బల్ల మీద ఆకుపచ్చ ఉన్నిగుడ్డ పరుస్తారు, నాణెం చేజారినా దెబ్బ తగలకుండా. కొత్తది తెచ్చినవారు దాన్ని చిన్న పళ్ళెంలో బొమ్మ వైపు పైకి ఉండేలా పెట్టి అధ్యక్షుడి ముందుకు జరపాలి. అధ్యక్షుడి అభిప్రాయం విన్నాక పళ్ళెం బల్ల చుట్టూ తిరుగుతుంది. తిరిగి వచ్చేసరికి ఆ అభిప్రాయం అందరిదీ అయి ఉంటుంది.

అధ్యక్షుడు వకీలుగారే. కోర్టుకు వెళ్ళడం మానేసి చాలా కాలమైనా కంఠంలో ఇంకా కోర్టు ఉంది. రోమన్ చక్రవర్తుల ముఖాలు ఆయనకు వియ్యాలవారి ముఖాలంత పరిచయం. ఎవరి ముక్కు ఎటు వంగిందో, ఎవరి మెడ ఏ ఏట లావెక్కిందో, ఎవరు ఎప్పటినుంచి గడ్డం పెంచారో చూడకుండా చెప్పగలరు. చూడకుండా చెప్పగలగడం క్రమంగా ఆయనకు అలవాటైపోయింది.

"పేరు చూస్తే క్లాడియస్. ముఖం చూస్తే గాలియెనస్," అన్నారు ఆయన. "శుభలేఖలో పేరు ఒకడిది, పీటల మీద కూర్చున్నవాడు ఇంకొకడు. దీన్ని చేసినవాడికి దొంగతనం కూడా సరిగ్గా చేతకాలేదు డాక్టరమ్మా."

బల్ల చుట్టూ నవ్వు లేచింది. నవ్వు అణిగేదాకా ఆగి, డాక్టరమ్మ తన వాదన చెప్పింది. గాలియెనస్‌ను సొంత సేనానులే శిబిరంలో హత్య చేశారు. సైన్యం క్లాడియస్‌ను గద్దె మీద కూర్చోబెట్టింది. సైనికుల జీతానికి కొత్త పేరుతో నాణేలు వెంటనే కావాలి. టంకశాలలో అచ్చు చెక్కేవాడు కొత్త చక్రవర్తిని ఎన్నడూ చూసి ఉండడు. చేతికి అలవాటైన పాత ముఖమే చెక్కి, చుట్టూ కొత్త పేరు వేసి ఉంటాడు. ఇలాంటివి దొరికాయని పుస్తకాలు చెబుతున్నాయి.

వకీలుగారికి ఆ పుస్తకాలు తెలియనివి కావు. అదే చిక్కు. ఆ కథ తనకెంత బాగా తెలుసో దొంగనాణేలు చేసేవాడికీ అంత బాగా తెలుసుననీ, తప్పు దొరికినప్పుడల్లా దానికొక చరిత్ర తగిలించడమే వాడి వృత్తి అనీ ఆయన బదులిచ్చారు. పైగా నాణెం ఒంటి నిండా గుంటలున్నాయి. పోతపోసిన లోహంలో గాలిబుడగలు చేసే గుంటలు; అసలు నాణేలను పోతపోయరు, అచ్చు మీద సుత్తితో కొడతారు. అవి మట్టి తినేసిన గుంటలని డాక్టరమ్మ అంటే, మట్టి ఎక్కడైనా తింటుంది గానీ వేషం వేయదని అన్నారు. దానికి మరోసారి నవ్వారు.

పళ్ళెం కెమిస్ట్రీ లెక్చరరు దగ్గరికి వచ్చింది. సంఘంలో ఆయనను వెనక 'అవునుగారు' అంటారు. ఎవరేమన్నా ముందు అవునంటారు, తరవాత ఆలోచిస్తారు, ఆలోచించినది ఇంటికి తీసుకుపోతారు. ఆయన ఒక్కరే భూతద్దం పెట్టి చూశారు. కాసేపు చూశారు. నోరు తెరిచారు. ఆ నోటిలో రెండు దంతాలకు సిమెంటు నింపింది డాక్టరమ్మే. అది మాట్లాడబోతున్నప్పుడు ఎలా తెరుచుకుంటుందో ఆవిడకు తెలుసు. కానీ వకీలుగారు ఇటు చూడగానే ఆ నోరు మూసుకుని, "అవును" అంది.

దొంగదని తేలిన నాణేనికి సంఘం కన్నం పెడుతుంది. గుడ్డలో చుట్టి ఉంచిన ఒక ఉలి, ఒక చిన్న సుత్తి అందుకోసమే ఉన్నాయి. చక్రవర్తి చెంప మీద కన్నం పొడిచి నల్లపెట్టెలో పడేస్తారు, అది మళ్ళీ ఎవరి అరచేతిలోకీ వెళ్ళి అబద్ధం చెప్పకుండా. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోవడానికి వచ్చే ఆదివారం వరకు గడువు. ఆ గడువును ఇప్పటిదాకా ఎవరూ వాడుకోలేదు. సంఘంలో చేరేటప్పుడు డాక్టరమ్మ ఈ నియమాన్ని మెచ్చుకుని మరీ చేరింది. ఇప్పుడూ దానితో ఆవిడకు పేచీ లేదు. నియమం మంచిదే. చూపే చెడ్డది.

వకీలుగారు నాణేన్ని కవరులో వేసి, అంచు నాలికతో తడిపి అంటించి, బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఇంట్లో డాక్టరమ్మ సంగతి చెబుతున్నంతసేపూ అత్తగారు బఠాణీలు ఒలుస్తూనే ఉంది. ఆవిడకు చూపు ఆనదు, చెవులు మాత్రం గోడ అవతలి మాట కూడా వింటాయి. కోడలి చక్రవర్తులందరికీ ఆవిడ పేర్లు పెట్టుకుంది. గాలియెనస్ గిరజాలాయన. క్లాడియస్ కొత్తాయన.

"నీ సొరుగులో ఉన్న ఆ కాలపు వాళ్ళలో ఒక్కడైనా మంచం మీద పోయాడటే అమ్మాయ్?" అని అడిగింది. "ఎవణ్ణి అడిగినా పొడిచారంటావు, నరికారంటావు."

"ఈ కొత్తాయనే అత్తయ్యా. అంటురోగం వచ్చి పోయాడు."

"సుఖంగా పోయినవాడు ఒక్కడుంటే వాడికా కన్నం పెట్టేది? బాగుంది మీ సంఘం."

భర్త అంత తేలికగా తీసుకోలేదు. ఆయన వంతెనలు పరీక్షించే ఇంజనీరు. ఏ బరువు ఎక్కడ పడితే ఏది కూలుతుందో ముందే చూసే మనిషి. ఒక్క నాణెం కోసం సంఘమంతటితో తగువెందుకని అడిగాడు. గట్టిగా అడగలేదు, పళ్ళేలు సర్దుతూ అడిగాడు.

ఆ నాణెం ఆవిడ దగ్గరికి వచ్చినప్పుడు నాణెం కాదు, మట్టిబెడ్డ. కడగని నాణేల ముద్దలో అడుగున అంటుకుని వచ్చింది. శుద్ధి చేసిన నీళ్ళలో నానబెట్టి, నీళ్ళు పచ్చబడినప్పుడల్లా మార్చి, పంటిగార తీసే సన్న కొక్కెంతో, రోగులు లేని వేళల్లో, ఇసుకరేణువు వెంట ఇసుకరేణువు తీస్తూ వచ్చింది. ఎండలు ముదిరి, తగ్గి, వానలు పడ్డాయి. మొదట కిరణాల కిరీటం కొనలు బయటపడ్డాయి. తరవాత గిరజాల జుట్టు, పొట్టిగడ్డం. ఆ ముఖం చూసి గాలియెనస్ అనుకుంది. చివరికి అంచున ఒక్కొక్క అక్షరమే పైకి తేలి పేరు క్లాడియస్ అని చెప్పిననాడు, చేతిలోని కొక్కెం పక్కన పెట్టి లేచి నిలబడింది. ఒక రాజ్యం పోయి ఇంకొక రాజ్యం వచ్చిన సంధిలోని కొద్దివారాలు ఆవిడ వేలికొన మీద ఉన్నాయి. వాటికి వచ్చే ఆదివారం కన్నం పడుతుంది. తాను ఊరుకుంటే, తరవాత పళ్ళెంలో ఎవరు ఏది పెట్టినా ఒక తుమ్ము సేపట్లో తేలిపోతుంది. తాను కూడా అవునంటుంది.

"వంతెన బాగుందని పైఅధికారి కారులోంచే చూసి రాస్తే మీరు సంతకం పెడతారా?" అని మాత్రం భర్తను అడిగింది.

ఆయన పళ్ళేలు సర్దడం పూర్తి చేసి, ఆవిడ భుజం మీద చెయ్యి వేసి వెళ్ళాడు.

మర్నాడు సాయంత్రం చివరి రోగి వెళ్ళిపోయాక డాక్టరమ్మ క్లినిక్‌లో వెనకగదిలోకి వెళ్ళింది. నాణెం తన దగ్గర లేదు గానీ దాని మూస ఉంది. దంతాలకు తీసినట్టే, తన దగ్గరికి వచ్చిన ప్రతి నాణేనికీ మెత్తటి రబ్బరుముద్దతో రెండువైపులా మూస తీసి ఉంచడం ఆవిడ అలవాటు. కన్నం పడకముందు కొత్తాయన ఎలా ఉండేవాడో చూపడానికి ఒక మంచి నకలైనా మిగుల్చుకోవాలని ప్లాస్టరు కలిపింది. గిన్నెను బల్ల అంచుకు తట్టి బుడగలు పైకి రప్పించింది. మూసలోకి సన్నని కుంచెతో మొదటి పూత అద్ది, మిగతాది పోసింది. గట్టిపడిన తరవాత తీసి, ఆరబెట్టడానికి చోటు కోసం వెతికింది. చోటు ఎక్కడా లేదు. అలమర నిండా ఊరివాళ్ళ దవడలు. వాటి మధ్య ఒక అట్టపెట్టెలో కిందటేడు సంఘం గోడకు తగిలించడానికి చేసినవాటిలో మిగిలిన నకళ్ళు ఉన్నాయి. అసలు నాణేలను గోడకు తగిలించడానికి ఏ సభ్యుడూ ఒప్పుకోకపోతే, అందరివీ మూసలు తీసి ప్లాస్టరులో పోసి ఇచ్చింది. గోడకు బొమ్మలే కావాలన్నారు. బొరుసుల నకళ్ళు ఎవరూ అడగక ఈ పెట్టెలో మిగిలిపోయాయి.

కొత్త నకలు పెట్టడానికి అందులో ఒకదాన్ని పక్కకు జరపబోయి ఆవిడ చెయ్యి ఆగింది.

రెండు బొరుసుల మీదా ఒకే దేవత. ఒక చేత తక్కెడ, ఇంకొక చేత పళ్ళూ ధాన్యమూ పొంగే కొమ్ము. సమన్యాయానికి రోమన్లు ఇచ్చిన రూపం. అందులో వింతేమీ లేదు. ఆ దేవతను చాలామంది చక్రవర్తులు వాడుకున్నారు, న్యాయంగా పాలించనివాళ్ళు మరీ ఎక్కువగా. కానీ తక్కెడ ఎడమ సిబ్బి దగ్గర ఒక వెంట్రుక లాంటి గీత మొదలైంది. పాత నకలులో అది సిబ్బికీ అంచు అక్షరాలకూ మధ్య ఆగిపోయింది. తన నకలులో అదే చోట మొదలై, అదే వంపు తిరిగి, అక్షరం మధ్యగా దూసుకుపోయి నాణెం అంచు తాకింది.

పాత నకలు వెనక పెన్సిలుతో రాసిన పేరు చూసింది. పాతది వకీలుగారిది. గాలియెనస్ నాణెం, ఆయన మొట్టమొదట సంపాదించినది. కోర్టులో వాదించిన కాలమంతా కోటు లోపలి జేబులో ఉండేది, ఇప్పటికీ అక్కడే ఉంటుంది. అదృష్టం లాంటి మాటల మీద తనకు నమ్మకం లేదని, ఉత్త అలవాటేనని ఆయన అంటారు. దాన్ని మరిచి వచ్చిన రోజున వాయిదా అడిగేవారని కోర్టు గుమస్తాలు అంటారు.

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. ముందు తనను తానే నమ్మలేదు. దీపాన్ని పక్కకు వంచి చూసింది. గీత పల్లంలో లేదు, ఎత్తుగా ఉంది. అంటే ఎవరో నాణెం మీద గీసినది కాదు. నాణేన్ని కొట్టే ఇనపదిమ్మె పగిలింది. సుత్తిదెబ్బకు లోహం ఆ పగులులోకి ఎక్కి నాణెం మీద గట్టులా నిలిచింది. దేవత మడమ కింద ఉన్న అక్షరం రెండింటిలోనూ ఒకేలా కుంటుతోంది. మోచేతి కింద అక్కర్లేని చుక్క రెండింటిలోనూ ఉంది. ఒకే అచ్చు. మొదట పాత చక్రవర్తికి పనిచేసి, ఆయన పోయాక కొత్త చక్రవర్తికీ పనిచేసిన అచ్చు. బొమ్మ వైపు మార్చారు. బొరుసు వైపు మార్చవలసిన అవసరం ఎవరికీ కనబడలేదు, ఇప్పుడు తమ సంఘానికి కనబడనట్టే.

కానీ ఇది ప్లాస్టరు. కిందటేడు తీసిన మూస నాణెం మీంచి లాగేటప్పుడు సన్నగా చీలి ఉంటే ఆ చీలిక కూడా గట్టులాగే వస్తుంది. పాత మూసను తీసి చూసింది. రబ్బరు వయసు మీద పడి ముడతలు తేలింది; అవుననీ చెప్పడం లేదు, కాదనీ చెప్పడం లేదు. తేల్చగలిగినది వకీలుగారి జేబులో ఉంది.

వారం మధ్యలో ఆ జేబే క్లినిక్‌కు నడిచి వచ్చింది.

వకీలుగారు ఎడమ చెంప పట్టుకుని వచ్చారు. వేయించిన గింజలలో రాయో, గింజే రాయో, కొరకగానే మెరుపు కొట్టిందన్నారు. ఊళ్ళో వేరే పళ్ళడాక్టర్లు లేక కాదు. ఆయన నోటిని మొదటినుంచీ చూసింది ఈవిడే, డాక్టరును మార్చడం ఇల్లు మార్చడం కంటే కష్టం. ఆదివారం సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఆయన కోటు విప్పి కొక్కేనికి తగిలించారు. లోపలి జేబు నాణెం బరువుకు కొద్దిగా కిందికి వేలాడింది.

దవడపంటి మీద గాలి ఊది, సన్న అద్దం పెట్టి చూసింది. నోటిలో పెట్టే కెమెరాతో ఫొటో తీసి తెర మీద వేసింది. పక్కనే కిందటేడు తీసినదాన్ని కూడా వేసింది.

"పోయినేడు పగులు ఇక్కడిదాకా ఉంది. ఇప్పుడు ఇదిగో, అంచుదాకా వచ్చేసింది. తొడుగు వేయకపోతే పన్ను రెండుగా విడిపోతుంది."

వకీలుగారు తెర వంక చూశారు. నొప్పిలోనూ ఆయనలోని వకీలు మేలుకున్నాడు. ఆ రెండూ ఒకే పన్ను అనడానికి సాక్ష్యమేమిటన్నారు. ఒకటి తనదీ, ఇంకొకటి ఏ అనామకుడిదీ అయి ఉండవచ్చు కదా అన్నారు.

ఆవిడ కొక్కెం కొనతో తెర మీద చూపించింది. ఈ లోయ ఇక్కడ వంగింది, అక్కడా వంగింది. ఈ చుక్క పాత సిమెంటు మచ్చ, అక్కడా ఉంది. పగులు మొదలైన చోటు ఒకటే, తిరిగిన వంపు ఒకటే.

"అయితే ఈ పెద్ద పగులుదే పాత ఫొటో, చిన్న పగులుదే కొత్తది అని ఎందుకనకూడదు?"

"పగులు పెరుగుతుంది గానీ తగ్గదు వకీలుగారూ. అది పన్నుకైనా అంతే, పలకకైనా అంతే."

"ఒప్పుకున్నాను," అన్నారు ఆయన వెనక్కి వాలి. "అదే పన్ను."

మత్తు ఎక్కేదాకా ఆవిడ ఆయన పక్కనే నిలబడి ఉంది. కోటు దగ్గరలోనే వేలాడుతోంది. రెండు అడుగులు వేసి, జేబులో రెండు వేళ్ళు పెట్టి, బొరుసు వైపు ఒక్కసారి చూస్తే రెండుమూడు రోజులుగా సయించని అన్నం తినవచ్చు. ఆయన పైకప్పు వంక చూస్తున్నారు, నోటినిండా దూది. చూడవచ్చా అని అడిగినా అవుననడానికీ కాదనడానికీ ఆయనకు వీలులేదు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆవిడకు కొంచెం నవ్వు వచ్చింది, కొంచెం సిగ్గేసింది. నోరు తెరుచుకుని పడుకున్నవాడి జేబు వెతికితే సాక్ష్యం దొరకవచ్చు గానీ, సాక్షి మిగలడు. ఆవిడ కోటు వైపు వీపు తిప్పి, పన్ను అరగదీసే పనిలో పడింది. తాత్కాలిక తొడుగు అంటించి, పళ్ళు కరిపించి, మళ్ళీ అరగదీసి, మళ్ళీ కరిపించింది. ఎత్తు పిసరంత కూడా మిగలకూడదని చెప్పింది.

వెళ్ళేటప్పుడు ఆయన కోటు తొడుక్కుని, అలవాటుగా జేబు తడుముకున్నారు. మొద్దుబారిన పెదవితో, ఆదివారం రావడం మానవద్దనీ, కన్నం పెట్టేటప్పుడు ఓనరు ఉండటం మర్యాద అనీ చెప్పారు. తప్పకుండా వస్తానంది.

ఆదివారం బల్ల మీద ఉన్నిగుడ్డ పక్కన ఉలీ సుత్తీ కూడా పరిచి ఉన్నాయి. నల్లపెట్టె మూత తీసి పెట్టారు. వకీలుగారు కవరు చింపి నాణేన్ని పళ్ళెంలో వేశారు, బొమ్మ వైపు పైకి. అభ్యంతరాలున్నాయా అని అడిగారు. ఏటేటా అడిగి అడిగి ఆ ప్రశ్నలో చివరి స్వరం ఎప్పుడో అరిగిపోయింది. ఉలి మీద చెయ్యి వేస్తూనే అడిగారు.

"ఉందండీ," అంది డాక్టరమ్మ.

గదిలో కుర్చీలు కదిలాయి. ఎవరో మళ్ళీ చరిత్రపాఠమా అని గొణిగారు. ఆవిడ చరిత్ర ఏమీ చెప్పలేదు. వకీలుగారి జేబులోని గాలియెనస్‌ను ఒకసారి బల్ల మీద పెట్టమని అడిగింది.

ఆయన కనుబొమలు లేచాయి. కానీ సాక్ష్యం అడిగితే కాదనడం ఆయన పుట్టుకలో లేదు. చిన్న గుడ్డసంచి విప్పి, ఎవరి బిడ్డనో ఉయ్యాలలో వేసినట్టు నాణేన్ని పళ్ళెంలో వేశారు. పాలిపోయిన వెండిపూత మీద గిరజాల చక్రవర్తి ఎప్పటిలాగే కుడివైపు చూస్తున్నాడు. పక్కనే అదే ముఖంతో కొత్త చక్రవర్తి. ఒకే ముఖం, రెండు పేర్లు. బల్ల చివర ఎవరో నవ్వారు.

"రెండూ తిరగేయండి," అంది ఆవిడ.

ఆయన తిరగేశారు. ఆ గదిలో బొరుసు వైపు పైకి ఉండగా నాణేలను చూడటం చాలామందికి అదే మొదలు. డాక్టరమ్మ కిటికీ రెక్కను ఒకటి మూసి వెలుతురు పక్కనుంచి పడేలా చేసింది. ప్లాస్టరు అబద్ధం చెప్పిందో లేదో తనకూ ఇప్పుడే తెలియాలి. వకీలుగారి నాణెం మీద తక్కెడ సిబ్బి పక్కన ఏమీ లేకపోతే, తన వాదనకే కన్నం పడుతుంది.

ముందు తాను వంగి చూడలేదు. వకీలుగారినే చూడమంది. తోలుసంచి ముడి విప్పవలసి వచ్చింది. ఆయన భూతద్దం పెట్టి, సాక్షి చేత చెప్పించే పద్ధతిలో, తనకు కనబడినది పైకి చెబుతూ పోయారు. దేవత. కొమ్ము. తక్కెడ. సిబ్బి. సిబ్బి పక్కన ఒక గీత.

"పల్లమా, ఎత్తా?"

ఆయన పళ్ళేన్ని అటూ ఇటూ వంచారు. నీడ గీతకు అవతల పడింది.

"ఎత్తు."

డాక్టరమ్మ వేలితో రెండో నాణేన్ని చూపింది.

"రెండోదాని మీద?"

ఆయన రెండోదాని మీదికి వంగారు. మళ్ళీ మొదటిదానికి వెళ్ళారు. మళ్ళీ రెండోదానికి. దేవత మడమ కింది కుంటి అక్షరం దగ్గర ఆగారు, మోచేతి కింది చుక్క దగ్గర ఆగారు. తల ఎత్తినప్పుడు ఆయన కళ్ళు డాక్టరమ్మను చూడలేదు, ఎదురుగా ఉన్న వాదనను చూశాయి.

"నా నాణేనికి మూస తీసి, లోహం పోసి, ఎవడో మీదాన్ని తయారుచేశాడు. ఏమంటారు?"

"అలా పోస్తే మీ నాణెం మీద ఉన్న పగులే రావాలి. మిగతా సగం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"పోశాక చేత్తో పొడిగించాడు."

"చేత్తో గీస్తే పల్లం పడుతుందండీ. ఎత్తు రాదు."

బల్ల చుట్టూ ఎవరూ నవ్వడం లేదు. అప్పుడు వకీలుగారు ఎవరూ ఊహించని పని చేశారు. ఎదుటిపక్షం వాదన వీగిపోతుందంటే తన కక్షిదారుణ్ణి కూడా బోనెక్కించే పాతకాలపు వకీలు ఆయన. తన సొంత నాణేన్నే వేలితో చూపించి, దీన్ని చూసి దాన్ని కాదు, దాన్ని చూసి దీన్ని పోసి ఉండవచ్చు కదా, దొంగది తన జేబులోదే కావచ్చు కదా అని అడిగారు.

"అలా పోసి ఉంటే పెద్ద పగులు చిన్నదైపోవాలి," అంది డాక్టరమ్మ మెల్లగా. "పగులు తగ్గుతుందా వకీలుగారూ?"

ఆయన నాలిక చెంప లోపల కదిలింది. కొత్త తొడుగు మీదికి వెళ్ళి, దాని అంచు వెంబడి ఒక చుట్టు తిరిగి, ఆగింది.

"తగ్గదు."

గాలియెనస్ ముందు, క్లాడియస్ తరవాత. చిన్న పగులు ముందు, పెద్ద పగులు తరవాత. అది తారుమారై, గిరజాలాయన నాణెం మీద పెద్ద పగులు ఉండి ఉంటే సుత్తి తానే అందుకునేదాన్నని ఆవిడ చెప్పింది. మాటవరసకు చెప్పలేదు, ఆ సంగతి వకీలుగారికి తెలిసింది. ఆ మాటే ఆయనను ఒప్పించిందేమో.

పళ్ళెం బల్ల చుట్టూ తిరిగింది. ఈసారి అధ్యక్షుడి అభిప్రాయం ముందుగా వెళ్ళలేదు. సభ్యులు ఒకరి తరవాత ఒకరు భూతద్దం అడిగి తీసుకున్నారు. కెమిస్ట్రీ లెక్చరరు దగ్గరికి రాగానే ఆయన రెండు నాణేల మీదా వంగి, పోయిన ఆదివారం నుంచి ఇంట్లో దాచుకున్న మాటను చివరికి బల్ల మీద పెట్టారు.

"కాదండీ. ఇది పోతపోసింది కాదు. గుంటల అడుగున పచ్చటి లవణం ఉంది, లోహంలోకి పాతుకుపోయింది. బుడగల్లో అది ఉండదు. కాదు."

ఆయన నోట ఆ మాట విని, అంతసేపూ గంభీరంగా కూర్చున్నవాళ్ళు కూడా నవ్వేశారు. ముందుగా నవ్వింది ఆయనే.

వకీలుగారు లేచి నిలబడ్డారు. కోర్టులో తీర్పు వినడానికి లేచినట్టు కోటు సర్దుకున్నారు.

"అదే పన్ను," అన్నారు.

డాక్టరమ్మ తప్ప ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. ఆయన ఉలినీ సుత్తినీ గుడ్డలో చుట్టి, ముడివేశారు. పళ్ళెంలోంచి తన గాలియెనస్‌ను తీసి, తీరా జేబులో వేసుకోబోయి, బొరుసు వైపు ఇంకొకసారి చూసుకున్నారు. ఇన్నేళ్ళు జేబులో పెట్టుకుని తిరిగినదానికి ఒక వెనకవైపు ఉందని ఈ వేళ తెలిసినవాడి ముఖంలో ఓటమికంటే ఎక్కువగా ఆశ్చర్యం ఉంది. తన నాణేనికి తోబుట్టువు దొరికిందని పక్కవాడితో అన్నారు. వచ్చే వారానికి గోడ మీది నకళ్ళ కింద బొరుసులు కూడా కావాలని, అవి ఇంకా ఉన్నాయా అని డాక్టరమ్మను అడిగారు. దవడల మధ్య భద్రంగా ఉన్నాయంది.

అప్పుడు ఆయన నల్లపెట్టె మీద చెయ్యి వేసి, కొంచెం ఆగి, దాన్ని ఆవిడ వైపు జరిపారు. ఉన్నిగుడ్డ మీద పెట్టె చప్పుడు చేయకుండా జరిగింది.

"ఇందులో ఎన్ని మంచి పళ్ళు పీకేశానో చూసి చెప్పండి డాక్టరమ్మా."

పెట్టె బరువుగా ఉంది. మెట్లు దిగేటప్పుడు దాన్ని లెక్చరరు ఒక పక్క, వకీలుగారు ఒక పక్క పట్టుకున్నారు. ఆవిడను ఒక్క నాణెం ఉన్న కవరు తప్ప ఇంకేమీ పట్టుకోనివ్వలేదు.

ఇంటి దగ్గర అత్తగారు అడుగుల చప్పుడులోనే కబురు పోల్చుకుంది. అయినా చెయ్యి చాపింది. కోడలు ఆ అరచేతిలో నాణెం పెట్టింది. ఆవిడ బొటనవేలితో చక్రవర్తి చెంప తడిమింది. కిరీటం, గిరజాలు, గడ్డం. కన్నం లేదు.

"మంచం మీద పోయినాయన బతికిపోయాడన్నమాట."

"బతికాడు అత్తయ్యా."

భర్త నల్లపెట్టెను బల్ల మీదికి ఎత్తుతూ దాని బరువు అంచనా వేసి, బల్ల ఓపుతుందో లేదో కాళ్ళు కదిపి చూశాడు. లోపల కన్నాల చెంపలతో చక్రవర్తులు ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. ఇంతమంది ఎవరని అత్తగారు అడిగింది.

"పునర్విచారణకు వచ్చారు," అంది డాక్టరమ్మ. కుర్చీ లాక్కుని, దీపం పక్కకు వంచి, మొదటి నాణేన్ని తీసి బొరుసు వైపు తిప్పింది.